మోకాలి చిప్పకి స్టిక్కర్ బొట్టు

మోకాళ్ళ నొప్పి మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ తెలుస్తుంది. మార్కాపురంలో నేను లెక్కలు చెప్పే హైస్కూల్లో టెన్త్ సెక్షన్లు మేడ మీద ఉంటాయి. బెల్ కొట్టాక పిల్లలంతా బిలబిలమంటూ దిగిపోయేదాకా వరండాలో నిలబడి, ఆ తర్వాత రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టుకుంటూ దిగేదాన్ని. నాకు అరవై ఏళ్ళు. 2022లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెంచింది కదా, ఆ జీవో నా మోకాళ్ళకి మాత్రం అందలేదు. చివరికి వాటిని దారిలో పెట్టింది వీడియో కాల్‌లో చేసిన ఫిజియోథెరపీ, ఆ కథే ఇది.

నొప్పి అని నోరు జారితే చాలు, మన వాళ్ళ దగ్గర మందులకి కొదవ ఉండదు. నల్లేరు పచ్చడి తినమన్నారు. తుమ్మకాయల పొడి పాలల్లో వేసుకుని తాగమన్నారు. రాత్రి బెండకాయలు కోసి నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే ఆ నీళ్ళు తాగితే మోకాళ్ళలో గుజ్జు పెరుగుతుందని మా స్టాఫ్‌రూమ్‌లో ముగ్గురు గట్టిగా చెప్పారు. బెండకాయ జిగురు చూస్తే ఎవరికో మోకాలి గుజ్జు గుర్తొచ్చి ఉంటుంది. నల్లేరు పచ్చడి మాత్రం నేను ఇప్పటికీ చేస్తాను, అన్నంలోకి బాగుంటుంది కాబట్టి.

ఒంగోలులో ఎముకల డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు సరిగ్గా తెలియదట, బరువు పడినప్పుడే అసలు సంగతి బయటపడుతుందట. కుడి మోకాలు గ్రేడ్ 2, ఎడమది అంతకంటే నయం అన్నారు. మోకాళ్ళ అరుగుదలకి ఈ గ్రేడ్ల లెక్క 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టింది. సున్నా నుంచి నాలుగు దాకా ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ అరుగుదల ఎక్కువ. "ఆపరేషన్ మాట ఇప్పుడు ఎత్తక్కర్లేదు, ఎమ్మారై కూడా వద్దు. తొడ కండలు బలం తెచ్చుకోండి, కాస్త బరువు తగ్గండి" అని, పూసుకోవడానికి జెల్ రాసిచ్చారు.

నేను ఉండబట్టలేక అడిగాను: "అరిగిపోయిందన్నారు కదండీ, వ్యాయామం చేస్తే ఇంకా అరిగిపోదా?" అందరికీ ఉండే అనుమానమే ఇది. ఆయన చెప్పింది ఏంటంటే, మనం గుజ్జు అనుకునే ఆ మెత్తటి పొరకి రక్తనాళాలు ఉండవు. కీలులో ఉండే ద్రవమే దానికి ఆహారం. బరువు పడ్డప్పుడు నొక్కుకుని, బరువు తీసేసినప్పుడు వదులై, స్పాంజీలా ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదపకుండా కూర్చుంటే దానికి తిండి ఉండదు. ఈ ఒక్క మాట నా బుర్రలోకి ఎక్కింది. మా అత్తయ్యకి మాత్రం ఈ రోజుకీ ఎక్కలేదు. "నడిస్తే అరిగేది, నడవకపోతే అరుగుతుందా, చోద్యం కాకపోతే!" అంటుంది.

ముందు ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ఫిజియోథెరపీ సెంటర్‌కే వెళ్ళాను. స్కూలు అయ్యాక వెళ్తే వరసగా మంచాలు, మంచానికో మనిషి. మోకాలికి రెండు పక్కలా ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టేవారు. చీమలు పాకినట్టు ఉండేది, హాయిగానే ఉండేది. తర్వాత వేడి మైనం. చివర్లో ఒక కాగితం, దాని మీద జిరాక్స్ తీసీ తీసీ నల్లబడిపోయిన బొమ్మలు, "ఇవి ఇంట్లో చేసుకోండి" అనే మాట. అలా పెట్టించుకున్న సాయంత్రం బాగుండేది, మర్నాడు మళ్ళీ మామూలే. ఆ బొమ్మల్లో ఉన్న మనిషి కాలు ఎంత ఎత్తు లేపాడో, నాది ఎంత లేస్తోందో చూసి చెప్పే వాళ్ళు లేరు. యూట్యూబ్‌లో అయినా అంతే కదా. వీడియోలు వందలున్నాయి. మనం వాళ్ళని చూస్తాం గానీ, మనల్ని చూసేదెవరు?

బెంగళూరులో ఉండే మా అబ్బాయి వెతికి, హైదరాబాద్‌లో ఒక ఫిజియో అమ్మాయిని కుదిర్చాడు. ఆ అమ్మాయి ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ, చదివింది, మోకాళ్ళు, తుంటి కేసులే ఎక్కువ చూస్తుంది. వీడియో కాల్‌లో చూస్తూ చేయిస్తుంది. "ఫోన్‌లో వైద్యమేంట్రా, చెయ్యి పట్టుకుని చూడకుండా?" అని అత్తయ్య. నిజం చెప్పొద్దూ, నా లోపల కూడా అదే మాట. మా వాడు ఒక కాగితం పంపాడు. ఆస్ట్రేలియాలో మోకాళ్ళ నొప్పులున్న 394 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి క్లినిక్‌లో, ఇంకో గుంపుకి వీడియో కాల్‌లో, మూడు నెలల్లో ఐదేసి సార్లు ఫిజియోలు చూశారట. నొప్పి తగ్గడంలో గానీ, పనులు చేసుకోవడంలో గానీ వీడియో వాళ్ళు క్లినిక్ వాళ్ళకి తీసిపోలేదని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. లెక్కల టీచర్‌ని అంకెలతో పడగొట్టొచ్చని మా వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

మొదటి కాల్‌లో వ్యాయామం ఒక్కటి కూడా లేదు. అన్నీ ప్రశ్నలే. నొప్పి ఎక్కడ, ఎప్పుడు మొదలు, పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉంటే అది ఎంతసేపట్లో వదులుతుంది (అరగంట దాటితే వేరే రకం కీళ్ళవాతమేమో చూడాలట), మోకాలు ఎప్పుడైనా మధ్యలో బిగుసుకుపోయి కదలకుండా అయిందా, నడుస్తుంటే చటుక్కున మడత పడిపోతుందా, జ్వరం ఉందా, పిక్క వాచిందా, బీపీ, షుగర్, వేసుకునే మందులు. డాక్టర్ రాసిన చీటీ, ఎక్స్‌రే ఫొటో ముందే పంపించుకుంది. కాల్ జరుగుతున్నప్పుడు ఇంట్లో ఇంకొకరు ఉండాలంది. కళ్ళు తిరిగినా, తూలినా పట్టుకోవడానికి. అలా మా వారికి డ్యూటీ పడింది.

తర్వాత కెమెరా గొడవ. ఫోన్‌ని డైనింగ్ టేబుల్ మీద పెడితే నా మొహం తప్ప ఏమీ కనపడదు. కింద పెడితే ఫ్యాను కనిపిస్తుంది. చివరికి స్టూలు మీద దిద్దాల్సిన లెక్కల నోటుబుక్కులు దొంతరగా పేర్చి, వాటికి ఫోన్ ఆనించి, నడుము ఎత్తుకి తెచ్చాం. చీరతో కుదరదు, నైటీతో అసలే కుదరదు. మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన ట్రాక్ ప్యాంటు వేసుకున్నాను. మోకాళ్ళు కనపడేలా పైకి మడుచుకోమంటే కాస్త బిడియపడ్డ మాట నిజమే. "నేను ఒక్కదాన్నే ఉన్న మేడమ్, రూమ్ తలుపేసుకున్న, రికార్డింగ్ ఏం లేదు" అంది. వరంగల్ పిల్ల. ఆ మాటతీరుకే సగం టెన్షన్ పోయింది.

వీధి గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా నడిపించింది. ఒకసారి పక్క నుంచి, ఒకసారి ఎదురుగా. తర్వాత గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో చూసింది. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 కంటే తక్కువ చేస్తే సగటు కంటే కింద ఉన్నట్టు. నేను పది కూడా దాటలేదు, పైగా రొప్పు. జీవితంలో లెక్కల్లో నాకు తక్కువ మార్కులు వచ్చింది అక్కడే.

ఈ కుర్చీ పరీక్షలో ఆ అమ్మాయి ఒకటి పట్టేసింది. "మేడమ్, మీరు లేచే ముందు కుడి పాదం ముందుకు జరుపుతున్రు. బరువంతా ఎడమ కాలి మీదికే పోతుంది" అంది. మా వారు వంగి చూసి అవునన్నారు. ఎన్నాళ్ళుగా అలా లేస్తున్నానో నాకే తెలియదు. నొప్పి కాలిని కాపాడుకుంటూ, కాపాడుకుంటూ, దాని కండ పూర్తిగా కరిగించేశానన్నమాట. కుట్టు టేపుతో కొలిపిస్తే కుడి తొడ ఎడమ తొడ కంటే సన్నగా తేలింది.

మొదటి వారాల వ్యాయామాలు చూస్తే నవ్వొచ్చేలా ఉంటాయి. మంచం మీద కాళ్ళు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందకి నొక్కి ఐదంకెలు లెక్కపెట్టడం. వెల్లకిలా పడుకుని కాలు తిన్నగా జానెడు ఎత్తు లేపడం. మోకాళ్ళు మడిచి పడుకుని నడుము పైకెత్తడం. గోడ పట్టుకుని మడమలు లేపడం. ఇంతేనా అనుకున్నాను. కానీ తువ్వాలు నొక్కుడు చేస్తుంటే స్క్రీన్ లోంచి "మేడమ్, ఊపిరి బిగబట్టిన్రు, వదలండి", "పాదం బయటికి తిరుగుతుంది, వేళ్ళు పైకప్పు చూడాలె", "చెయ్యి తొడ మీద పెట్టి చూడండి, గట్టిపడిందా?" అని వరసగా వస్తుంటే తెలిసింది, నేను నొక్కేది తొడతో కాదు, తుంటితో అని. తొడ కండ నిజంగా బిగిసిన రోజు చిప్ప పైకి జరగడం కళ్ళారా చూశాను.

కుర్చీలోంచి లేవడం, మెట్టు ఎక్కి దిగడం మొదలయ్యాక ఇంకో చిక్కు. నా కుడి మోకాలు లోపలికి వాలుతోందని ఆ అమ్మాయికి అనుమానం. ట్రాక్ ప్యాంటు ముదురు రంగు, మా హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగు అంతంత మాత్రం. సరిగ్గా కనపడటం లేదు. "మేడమ్, స్టిక్కర్ బొట్లు ఉన్నయా ఇంట్లో? పెద్దవి?" అని అడిగింది. ఉన్నాయి, అత్తయ్యవి, ఎర్రవి. ప్యాంటు మడిచి ఒక్కో మోకాలి చిప్ప మధ్యలో ఒక్కో బొట్టు అంటించుకున్నాను. ఫోన్‌ని ఎదురుగా పెట్టించి, మెల్లగా కూర్చోమంది. ఎడమ బొట్టు తిన్నగా దిగింది. కుడి బొట్టు సగం దూరం వచ్చాక ఎడమ దాని వైపు జరిగింది. స్క్రీన్‌లో నాకే స్పష్టంగా కనిపించింది. "బొట్టు కాలి రెండో వేలి మీదుగా దిగాలె, అంతే" అంది. అప్పటి నుంచి అద్దం ముందు బొట్టు చూసుకుంటూ చేశాను. దీనికి తుంటి పక్క కండలు బలంగా ఉండాలని, మోకాళ్ళ పైన రబ్బరు బ్యాండ్ వేసుకుని పక్కకి అడుగులు వేయించింది. ఆ బ్యాండ్లలో పసుపు మెత్తనిది, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, ఇలా గట్టిదనం పెరుగుతుంది.

అయితే ఈ వ్యవహారం మొత్తంలో నాకు అసలు పనికొచ్చింది వ్యాయామాలు కూడా కాదు, నొప్పిని కొలిచే పద్ధతి. అంతకు ముందు మోకాలు చురుక్కుమంటే చాలు, ఆపేసేదాన్ని. నొప్పి అంటే అరుగుదలే అని భయం. ఆ అమ్మాయి సున్నా నుంచి పది దాకా ఒక స్కేలు పెట్టింది. రెండు దాకా ఏం పర్వాలేదు. ఐదు దాకా ఓర్చుకోవచ్చు. ఐదు దాటితే సంఖ్య తగ్గించాలి లేదా ఎత్తు తగ్గించాలి. చేసిన తర్వాత పెరిగిన నొప్పి 24 గంటల్లో ఎప్పటి అంకెకి దిగిపోవాలి. దిగకపోతే మోతాదు ఎక్కువైనట్టు. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే మోకాళ్ళ, తుంటి నొప్పుల వ్యాయామ కార్యక్రమంలో కూడా ఇలాంటి కొలతే వాడతారట. తొడలో మర్నాడు వచ్చే పచ్చిపుండు లాంటి నొప్పి వేరు, కీలు లోపల నుంచి వచ్చే నొప్పి వేరు అని కూడా నేర్పింది. మొదటిది కండ పని చేసిందన్న రసీదు, దాన్ని చూసి బెంబేలు పడక్కర్లేదు.

నేను ఒక గ్రాఫ్ నోటుబుక్ తీశాను. అడ్డంగా తేదీలు, నిలువుగా నొప్పి అంకె. చేసే ముందు నీలం చుక్క, చేశాక ఎర్ర చుక్క, మర్నాడు పొద్దున నల్ల చుక్క. ప్రతి కాల్ ముందు ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేదాన్ని. అది చూసి ఆ అమ్మాయి ఆ వారం ఏం పెంచాలో, ఏం తగ్గించాలో తేల్చేది. నల్ల చుక్క నీలం చుక్క పక్కనే పడుతున్నంత కాలం పెంచుతూ పోయింది. మొదట్లో వారానికి రెండు కాల్స్, నెల తర్వాత ఒకటి, తర్వాత పదిహేను రోజులకొకటి. మిగతా రోజుల్లో నేనే చేసుకోవాలి. చేయకపోతే చుక్కలు ఉండవు, చుక్కలు లేకపోతే సంజాయిషీ చెప్పుకోవాలి. హోంవర్క్ చేయని పిల్లల మొహాలు నాకు బాగా తెలుసు కాబట్టి ఆ పరిస్థితి తెచ్చుకోలేదు.

టెన్త్ పరీక్షలప్పుడు ఒక గట్టి దెబ్బ తగిలింది. ఇన్విజిలేషన్ అంటే మూడు గంటల పైన నిలబడటం, తిరగడం. కూర్చుంటే స్క్వాడ్ వాళ్ళ చూపులు. వరస పరీక్షల మధ్యలో ఒక సాయంత్రం కుడి మోకాలు పూరీలా పొంగింది. ఎర్ర చుక్క ఏడు మీద పడింది. ఇక అంతా అయిపోయింది, ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే అనుకుని మెసేజ్ పెట్టాను. రాత్రి భోజనాల వేళ ఆ అమ్మాయే వీడియో కాల్ చేసింది. రెండు మోకాళ్ళూ పక్కపక్కన చూపించమంది. చెయ్యి వెనక్కి తిప్పి ముట్టుకుని ఏది వేడిగా ఉందో చెప్పమంది. జ్వరం లేదు కదా, పిక్క నొక్కితే నొప్పి లేదు కదా అని రెండుసార్లు అడిగింది. మోకాలు ఎర్రబడి కాలిపోతూ జ్వరం వచ్చినా, పిక్క వాచి గట్టిపడినా తనకి ఫోన్ చేయొద్దని, నేరుగా ఆస్పత్రికి పోవాలని చెప్పింది. నాకు అవేమీ లేవు. ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి పెట్టుకోమంది. మెట్ల వ్యాయామం, కుర్చీ వ్యాయామం ఆపి, మొదటి వారాల తువ్వాలు నొక్కుడికి దిగమంది. "పూర్తిగ మాత్రం బంద్ పెట్టకండి మేడమ్." వారం లోపే చుక్కలు మళ్ళీ కిందకి దిగాయి. ఒంటరిగా ఉండి ఉంటే ఆ సాయంత్రమే బ్యాండ్లు అటక ఎక్కేవి.

ఫోన్‌లో కానివి కూడా ఉన్నాయి, దాచడం ఎందుకు? చిప్ప అటూ ఇటూ ఎంత జరుగుతుందో, లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు వదులయ్యాయో చేత్తో పట్టి చూస్తే గానీ తెలియదు. నా బొటనవేలితోనే కీలు గీత వెంబడి నొక్కించి ఎక్కడ నొప్పో చెప్పించుకుంది గానీ, అది ఉజ్జాయింపే అని తనే ఒప్పుకుంది. మోకాలు మడత పడిపోతుంటే వీడియోలో తాను చూడనని ముందే చెప్పేసింది. ఇక సిగ్నల్ సంగతి. వర్షం పడితే మా ఇంట్లో బొమ్మ ఆగిపోతుంది, మాట మాత్రం వస్తుంది. అలాంటి రోజుల్లో మా వారు నేను చేసేది వీడియో తీసి పంపితే, తను చూసి వాయిస్ మెసేజ్ పెట్టేది. మా వారి వీడియోల్లో సగం నా తల ఉండదు. ఆయన "మోకాలేగా కావాల్సింది" అంటారు.

బరువు సంగతి ఒక్క ముక్కలో. ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని ఒక అధ్యయనంలో తేల్చారు. ఈ గుణకారం విన్నాక రాత్రి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలకి మారాను. తగ్గింది కొద్దిగానే. నాలుగుతో గుణించి సంతోషపడతాను.

మూడు నెలలకి మళ్ళీ అదే కుర్చీ, అదే 30 సెకన్లు. 12 దాటాను. పాదం ముందుకి జరపలేదు. ఎక్స్‌రేలో గ్రేడ్ 2 గ్రేడ్ 2 గానే ఉంటుంది, అది మారదు, దానికోసం మళ్ళీ తీయించుకోనక్కర్లేదని డాక్టర్ గారు చెప్పారు. మారింది మెట్లు. ఇప్పుడు పిల్లలతో పాటే, తిన్నగా, కాలు మార్చి కాలు వేస్తూ దిగుతున్నాను. రెయిలింగ్ మీద చెయ్యి ఉంటుంది గానీ బరువు ఉండదు. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవడం మాత్రం ఇంకా కుదరదు. వ్రతాలకి పీట బదులు చిన్న స్టూలే. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతానని ఎప్పుడో మొక్కుకున్నాను. ఆ మాట చెబితే ఆ అమ్మాయి వెంటనే కాదనలేదు, ముందు మా ఊళ్ళో గుడి మెట్లు బ్యాగు వేసుకుని ఎక్కి చూపించమంది. అటు తిరుమల దారిలో మోకాళ్ళ పర్వతం అని ఒక నిట్టనిలువు ఎక్కుడు ఉంది, పేరు వింటేనే నాకు ఎర్ర చుక్క కనిపిస్తుంది.

స్కూల్లో ఇద్దరు టీచర్లు, మా వీధిలో ఒకావిడ నన్ను చూసి ఆ వ్యాయామాల షీటు ఫార్వర్డ్ చేయమని అడుగుతున్నారు. పంపడం లేదు. అందులో ఉన్నవి నా కుడి తొడకి కట్టిన లెక్కలు, ఇంకొకరి మోకాలికి అవి తక్కువ కావచ్చు, ఎక్కువ కావచ్చు. వాళ్ళకి నేను చెప్పేది ఇంతే: ముందు డాక్టర్‌కి చూపించి నిలబడి ఎక్స్‌రే తీయించుకోండి. ఫిజియో బీపీటీనో (ఫిజియోథెరపీలో డిగ్రీ) ఎంపీటీనో చదివారో లేదో అడగండి. డబ్బు కట్టే ముందు మొదటి కాల్‌లో ఎంతసేపు ప్రశ్నలు అడుగుతారో చూడండి. అడక్కుండానే వ్యాయామం మొదలెట్టే వాళ్ళయితే వద్దు. ఒకేసారి ఇరవై మందిని చిన్న చిన్న గళ్ళల్లో పెట్టి చేయించే గ్రూప్ క్లాసులు చవకే, కానీ మీ బొట్టు ఎటు జరుగుతోందో అక్కడ ఎవరూ చూడరు.

ఇప్పుడు నెలకొక కాల్. ఆకుపచ్చ బ్యాండ్ తేలికైపోయిందని పోయిన కాల్‌లో చెప్పాను. నీలానికి మారమంది, ఆర్డర్ పెట్టాను.